గుప్త కానుక

విమలమ్మ తమ్ముడి లుంగీ, తువ్వాల సంచి అడుగున పరిచింది. వాటి మీద రెండు చొక్కాలు పెట్టింది. చొక్కాల మీద జొన్నరొట్టెల మూట పెట్టబోయి, ఎల్లిపాయ కారం మరక పడుతుందని అన్నీ మళ్ళీ బయటికి తీసింది. పొద్దున్నించి ఆమె చేస్తున్నది ఇదే. సర్దడం, తీయడం. సంచి నిండితే మనిషి లేచి నిలబడతాడు. నిండనంతసేపూ ఇంట్లోనే ఉంటాడు.

"అక్కా, ఒక్క దినం పోయి ఒక్క దినం వచ్చెటోనికి గంత సామానేందుకే?" అన్నాడు జయరాజ్, గడప దగ్గర బూట్లు తుడుచుకుంటూ.

"ఉండనీ. వాన పడుతున్నది. తడిస్తె మార్చుకోవద్దా?"

"రేపు మాపటికి ఇంట్ల ఉంట."

రేపు మాపటికి, వచ్చే నెలకు, కోత పండుగకు... ఇట్లాంటి మాటలు విమలమ్మ చాలా విన్నది. తండ్రి భివండి మగ్గాల పనికి పోయిన రోజు సంచి సర్దింది ఆమే. అప్పటికి తన జడ తను అల్లుకోవడం కూడా చేతకాదు. పెద్ద తమ్ముడు మస్కట్ పోయిన రోజూ ఆమే సర్దింది. ఇద్దరూ నవ్వుతూ పోయారు. ఇద్దరి కోసమూ చాలాకాలం అన్నం గిన్నె మీద మూత పెట్టి కూర్చుంది. తన చేతిలోనే ఏదో కీడు ఉందేమో అనే అనుమానం, ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఆమెను విడవదు.

పోయిన వారం భాగం చేతికందని వాళ్ళకు ఇంత మాత్రం చెప్పాలి. విమలమ్మ పెంచిన చిన్న తమ్ముడు ఈ జయరాజ్. నిజామాబాదు బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటరు నడుపుతాడు. పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళికి పెట్టాల్సిన వయసంతా ఒక బ్రౌజరు మీద పెట్టాడు. బ్రౌజరంటే కంప్యూటరులో ఇంటర్నెట్‌ను తెరిచి చూపే కిటికీ. లోపలి రాతను ఎవరైనా విప్పి చూసుకునే, మార్చుకునే హక్కు ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తీసుకుని, దానిలో మాటలన్నీ తెలుగు చేసి, గిజిగాడు అని పేరు పెట్టి, సీడీల మీద ఎక్కించి ఊరూరా ఉచితంగా పంచాడు. జక్రాన్‌పల్లి బడిలో గిజిగాడు, మాక్లూర్ బడిలో గిజిగాడు, చందూర్‌లో ఎరువుల దుకాణంలో కూడా గిజిగాడే. పంచిన ప్రతిచోటా జయరాజ్ నిలబడి ఒకే మాట చెప్పేవాడు. "దీంట్ల దాపరికం లేదు. దీని మీద ఎవ్వలు ఒక్క పైస తినరు."

ఆ మాటకే దెబ్బ తగిలింది. మాక్లూర్ బడిలో శంకరమ్మ టీచరు, గిజిగాడు పై మూలన ఉన్న వెతుకుడు డబ్బాలో ఏదో వెతికి, వచ్చిన చిరునామా మీద వేలు పెట్టి, "జయరాజ్, చివరన గీ తోక ఏంది? వేరే బ్రౌజర్‌ల వెతికితె గిది రాదు గద?" అని అడిగింది. ఆ తోక పెట్టింది జయరాజే. గిజిగాడును ఎంతమంది వాడుతున్నారో తెలిసే గుర్తు అని, సీడీలు చేయించి ఇచ్చే బోధన్ బాపురావు చెబితే నమ్మి పెట్టాడు. సెర్చ్ ఇంజన్ కంపెనీకి ఫోను చేసి అడిగితే అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు. "అది మీ వాటా గుర్తు సార్. మీ బ్రౌజర్ నుంచి జనం వెతికే కొద్దీ, ప్రకటనల మీద మాకు వచ్చేదాంట్లో మీకు వాటా. క్రమంగా పంపుతూనే ఉన్నాం కదా." ఎవరికి పంపుతున్నారో మాత్రం ఫోనులో చెప్పనన్నాడు. వింటున్న జయరాజ్ చేతిలో ఫోను వేడెక్కిపోయింది. కథ అక్కడ ఆగింది.

ఇప్పుడు అతను హైదరాబాదు పోతున్నాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళందరూ రేపు అక్కడ కూడుతున్నారు. వాళ్ళ ముందు నిలబడి అంతా చెప్పాలని.

అరుగు మీద ముత్తవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కింటి ముసలిది. ఎండకూ వానకూ ఆమె చోటు విమలమ్మ అరుగే. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా అక్కడినుంచే కనిపిస్తుంది మరి.

"నీకెరుక లేక జరిగినదాన్ని నువ్వే పోయి పట్నంల డప్పు కొట్టుకుంటవా? గింత ఎడ్డోనివైతె ఎట్ల బతుకుతవు కొడుకా?" అన్నది ముత్తవ్వ.

"ఎరుక లేకున్నా మాటిచ్చింది నేను గద ముత్తవ్వా."

"పైసలొచ్చుడు తప్పా?"

"తప్పు గాదు. దునియాల పెద్ద పెద్ద బ్రౌజర్లు గట్లనే బతుకుతున్నయి. తీసుకునుడు తప్పు గాదే అవ్వా, చెప్పకపోవుడు తప్పు. నీ బీడీలు కార్ఖానాల చూసేటప్పుడు, బాగ లేవని కొన్ని తీసి పక్కకు పడేస్తరు గద. గవి ఏమైతయి?"

"ఏమైతయి! కట్టలు గట్టి అమ్ముకుంటరు. నా కూలి కోస్తరు గని బీడీ పారేస్తరా?"

"గదే మాట నీ మొకం మీద చెప్పి తీసుకుంటె?"

ముత్తవ్వ బీడీకి దారం చుట్టి, పంటితో కొరికి తెంపింది. "చెప్తె కొట్లాడుదు. కొట్లాడి ఇద్దునో, ఇయ్యకపోదునో, గది నా ఇష్టం. చెప్పరు గద, గందుకే కడుపు మండుతది."

"గిది గూడ గంతే. జనం వెతుకుతున్నరు. వాండ్ల వెతుకుడు మీద పైసలు పుడుతున్నయి. వాండ్లకే ఎరుక లేదు."

"నీ ఎడ్డితనం నీది," అన్నది ముత్తవ్వ. కానీ తర్వాతి ఆకు చేతిలోకి తీసుకుని చాలాసేపు చుట్టకుండా కూర్చుంది.

ఇదంతా లోపలి మంచం మీదినుంచి వీరస్వామి వింటున్నాడు. విమలమ్మ భర్త. చక్కెర ఫ్యాక్టరీలో పని పోయినప్పటినుంచి బోధన్‌లో ప్రార్థనా మందిరం పక్కన ఉన్న చిన్న హాస్టలు చూసుకుంటున్నాడు. చెరుకు కొట్టే కూలీల ఆడపిల్లలు ఉంటారు అందులో. వారమంతా అక్కడే, వారాంతానికి ఇంటికి. నిన్న రాత్రి వచ్చినప్పటినుంచి అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు గొడుగు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, విరిగిన పుల్లకు తీగ చుడుతున్నాడు. చుట్టిన తీగనే విప్పి మళ్ళీ చుడుతున్నాడు. విమలమ్మ సంచి పని చూస్తూనే ఓరకంట ఆ పనీ చూసింది. తనూ అతనూ ఒకే పని చేస్తున్నామని ఆమెకు అనిపించింది. ఎందుకో భయం వేసింది.

"ఏమయ్యా, పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి మాట్లాడవేంది?"

"ఏం మాట్లాడాలె విమలా," అన్నాడు అతను, తల ఎత్తకుండా.

అప్పుడే వీధి చివర మోటారు సైకిలు చప్పుడైంది. వాన నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి సరిగ్గా వాళ్ళ అరుగు ముందు ఆగింది. నెత్తి మీద ప్లాస్టిక్ కవరు తీసి దులుపుకుంటూ, చేతిలో జిలేబి పొట్లంతో బాపురావు దిగాడు. తెల్లచొక్కా, నవ్వు మొహం. బోధన్‌లో కంప్యూటర్ల దుకాణం అతనిది. మరాఠీ, ఉర్దూ, తెలుగు, ఏ గిరాకీకి ఏది కావాలంటే అది అంత తియ్యగానూ మాట్లాడతాడు.

"వదినె, జర చాయ్ పెట్టున్రి. తమ్ముడు ప్రయాణం మీదున్నట్టున్నడు?"

ప్రయాణం సంగతి ఈ ఇంట్లో వాళ్ళకు, ముత్తవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. ముత్తవ్వ అరుగు దిగి ఎక్కడికీ పోలేదు. విమలమ్మ మెల్లగా మొగుడి వైపు చూసింది. గొడుగు పుల్ల అతని చేతిలోనుంచి జారి నేల మీద టంగుమంది.

"మంచిగనే వచ్చినవు బాపన్నా," అన్నాడు జయరాజ్. "నేను ఫోన్ చేస్తుంటె ఎత్తుతలేవు. గా తోక మీద వచ్చే వాటా ఎవలికొస్తున్నది?"

బాపురావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జిలేబి పొట్లం విప్పి మధ్యలో పెట్టాడు. ఎవరూ ముట్టలేదు.

"నాకే," అన్నాడు. "కంపెనీతోని రాసుకున్న కరారు నా పేరు మీదున్నది. కంపెనీకి ఒక దుకాణం పేరు గావాలె. నీ సెంటరుకు లైసెన్సున్నదా? నా పేరిచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వద్దంటవని. నువ్వు రుషివి తమ్మీ. రుషులకు హిసాబ్ చెప్పొద్దు."

ముత్తవ్వ అరుగు మీదినుంచి ఫక్కున నవ్వింది. జయరాజ్ నవ్వలేదు.

"గిజిగాడు లోపలి రాత ప్రతి అక్షరం ఖుల్లా పెట్టిన. ఎవ్వలన్న విప్పి చూసుకోవచ్చన్న. బయట నువ్వు నా చాటుకు కరారు చేసుకున్నవు. ఇల్లంత తలుపులు తీసి, ఇంటెనుక సొరంగం తవ్వినట్టు. జనానికి నేనేం మొకం చూపియ్యాలె?"

"జనం!" బాపురావు జిలేబి ముక్క నోట్లో వేసుకున్నాడు. "జనానికి పరీక్షల రిజల్టు గావాలె, పంట ధర గావాలె. దొరికిందా? దొరికింది. ఎవల పైసల మీద దొరికిందని ఎవలడుగుతరు?"

"మాక్లూర్‌ల అడిగిన్రు."

ఆ మాటకు బాపురావు నమలడం ఆపాడు. వేళ్ళు రుమాలుకు తుడుచుకున్నాడు. గొంతు తగ్గింది. విమలమ్మకు అరుపులంటే భయం లేదు. ఆమె చిన్నప్పటినుంచి అరుపుల మధ్యే పెరిగింది. ఇట్లా తగ్గే గొంతంటేనే భయం.

"సరే, పట్నం పో. వద్దన్ననా? చెప్పు. అయితె అంత చెప్పు, సగం చెప్పకు. ఆ పైసలతోని బోధన్ హాస్టల్ల పిల్లలు బువ్వ తింటున్నరని చెప్పు. హాస్టలు మీద రేకులు ఆ పైసలయే అని చెప్పు. నెల నెల నా చేతులకెల్లి తీస్కపోయినోని పేరు గూడ చెప్పు."

జయరాజ్ బావ వైపు మెడ తిప్పాడు. విమలమ్మ తిప్పలేదు. ఆమె అప్పటికే చూస్తోంది.

వీరస్వామి గొడుగు పక్కన పెట్టాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, ఎవరో తూకం వేయడానికి పిలిచినట్టు.

"నేనే జయా," అన్నాడు.

"బావా..."

"జర చెప్పనియ్యి. మన కోత పండుగల గుప్త కానుక ఉంటది గద. పేరు రాయకుంట కవర్ల పెట్టి డబ్బాల ఏస్తరు. ఎవలిచ్చిన్రు, ఎంతిచ్చిన్రు అని ఎవ్వలు అడగొద్దు. కానుకలు చూసెటోడు అసలే అడగొద్దు. మా నాయిన చూసిండు, నేను చూస్తున్న. ఇన్నేండ్లల ఒక్కపారి అడగలే. బాపురావు వచ్చి, మీ మతపోన్ని గాదు గని నెల నెల ఇస్త, పేరు చెప్పొద్దు అన్నడు. తీసుకున్న. ఒకనాడు పాణం ఆగక, ఏడియి బాపురావు అని అడిగిన. నీ బామ్మర్ది చేసిన గిజిగాడువి, అంత నీ హాస్టలుకే తెస్తున్న, జయరాజ్‌కు చెప్తె వద్దంటడు, అన్నడు."

"అయితె నాకు చెప్పవా?"

"గుప్త కానుకను ఎట్ల బయట పెడుత?" అన్నాడు వీరస్వామి. "మురిసిపోయిన జయా. నీకు ఎరుక లేకుంటనే నీ చెయ్యి గా పిల్లలకు బువ్వ పెడుతున్నది, గింతకన్న గొప్ప కానుక ఏముంటది అనుకున్న. నిన్న నువ్వు పట్నం పోతున్నవని విన్నంక, హాస్టలు పైసలు ఆగిపోతయేమో అని, బాపురావును అడుగుదామని ఎస్టీడీ కాడికి పోయిన. ఫోన్ల అంత చెప్పిన."

విమలమ్మ గోడకు ఆనుకుంది. ఆ రేకులు ఆమెకు తెలుసు. ముందు అక్కడ పాత పెంకులు. వానాకాలం పిల్లలు పరుపులు చుట్టి నెత్తిన పెట్టుకుని గోడల వెంబడి నిలబడేవాళ్ళు. కొత్త రేకులు పడిన రోజు ఆమె బోధన్ పోయి, వంట చేసే గంగమ్మ పక్కన నిలబడి, వాన రేకుల మీద మోగుతుంటే కండ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. ఆ స్తోత్రం ఎవరికి చెందుతుందో ఇప్పుడు ఆమెకు తెలియలేదు. ఒకవైపు తను కన్నబిడ్డలా పెంచిన తమ్ముడి మాట. ఇంకోవైపు మొగుడి ఇజ్జత్. తమ్ముడు నిజం చెబితే, రేపు ఊరు ఊరంతా వీరస్వామిని చాటుగా పైసలు తెచ్చుకున్నోడు అంటుంది. చెప్పకపోతే, తమ్ముడు జీవితాంతం అబద్ధీకుడిగా తిరగాలి.

జయరాజ్ కోపం చేసుకోలేదు. కోపం చేసుకున్నా బాగుండేది. మెల్లగా, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"బావా, కానుక ఇచ్చెటోనికి ఇస్తున్న అని ఎరుక ఉండాలె గద. డబ్బాల ఏసేది ఇచ్చెటోని చెయ్యే. మాక్లూర్ పిల్లలు ఇచ్చిన్రా? చందూర్ రైతు ఇచ్చిండా? వాండ్లకు ఎరుక లేకుంట వాండ్ల దగ్గరకెల్లి వచ్చింది, కానుకెట్లైతది? అడిగి ఉంటె ఇద్దురు. సంతోషంగ ఇద్దురు. అడగలే మనం."

వీరస్వామి తల ఊపాడు. కండ్లలో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

"సరే, అయిందేదో అయింది," బాపురావు లేచాడు. "మంచి పనికే పోయినయి గద. ఇంట్ల మాట ఇంట్లనే ఉండనియ్యిన్రి. సంచి విప్పి పెట్టు వదినె."

"ఓ బాపురావు," అన్నది అరుగు మీదినుంచి ముత్తవ్వ. ఆమె కండ్లు మోటారు సైకిలు మీద ఉన్నాయి. "బండి మెరుస్తున్నది. కొత్తదా? గిది ఎవల కానుక?"

"నా సగంలకెల్లి నేను కొనుక్కున్న, నీకేంది ముసల్దానా!"

అన్నాక గానీ అతనికి తెలియలేదు ఏమన్నాడో. నవ్వు మొహం నవ్వుతోనే బిగుసుకుపోయింది.

"సగమా?" అన్నాడు వీరస్వామి.

బాపురావు రుమాలు మళ్ళీ బయటికి తీశాడు.

"సగమంటివా బాపురావు? పోయిన సలికాలం దుప్పట్లు సాలక పిల్లలు ఒకదానికి ఇద్దరు పండుకున్నరు. నీ దుకాణం ముంగట వచ్చి నిలవడ్డ. గింతే వచ్చింది వీరన్నా, ఇంక రాలే అని దేవుని మీద ఒట్టు పెట్టినవు. నేను నమ్మి, వాండ్లకు గదే చెప్పిన."

విమలమ్మ కాపురానికి వచ్చినప్పటినుంచి మొగుడి గొంతు పెరగడం వినలేదు. ఇప్పుడూ పెరగలేదు. కానీ అతను నిలబడ్డ తీరు కొత్తది. ఫ్యాక్టరీ గేటు మూసిన రోజు కూడా ఇట్లా నిలబడలేదు.

"జయా, నువ్వొక్కనివే పోకు. నేను గూడ వస్త. నేను చెప్త. తెచ్చింది నేను, దాచింది నేను. ఎంత ముట్టిందో నాకెరుక. ఎంత ముట్టలేదో ఇయ్యాల ఎరుకైంది. అందరి ముంగట చెప్త. ఇంక ఇయ్యాలటికెల్లి గిజిగాడు తెరిస్తె ముందుగాల గదే కనిపియ్యాలె. గీ డబ్బాల వెతికితె పైసలొస్తయి, పలానా కాడికి పోతయి, మీకిష్టమైతెనే వెతుకున్రి అని. రాస్తవా?"

"రాస్త బావా," అన్నాడు జయరాజ్. పొద్దున్నించి మొదటిసారి అతని మొహం తేటపడింది.

విమలమ్మ మాత్రం బాపురావునే చూస్తోంది. అతను కోపంగా ఉంటే ఆమెకు ఇంత భయం ఉండేది కాదు. అతను లెక్క వేసుకుంటున్నాడు. కండ్లు వీరస్వామి మీదే పెట్టి, ఈ ఒక్క మనిషి లేకపోతే తన మాటకు ఎదురు మాట లేదని, పశువును చూసే బేరగాడిలా చూస్తున్నాడు. ఆ చూపు రెప్పపాటే. తరువాత మళ్ళీ నవ్వాడు.

"నీదే నిజం వీరన్నా. నాదే తప్పు. ఆశ పడ్డ. నేను గూడ వచ్చి చెప్త, పో."

"ముందుగాల గంగమ్మకు చెప్పాలె," అన్నాడు వీరస్వామి, అతనితో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు. "నన్ను నమ్మి వండి పెడుతున్నది. రేపు ఊరోళ్ళ నోట విన్నదంటె తట్టుకోదు. నా నోటనే వినాలె. పిల్లలకు గూడ నేనే చెప్పాలె."

"నేను అటే పోతున్న గద! బండెక్కు. బోధన్ ఎంత దూరం? మాపటి బస్సు యాల్లకు తెచ్చి ఈడనే దించుత."

"నేను గూడ వస్త," అన్నాడు జయరాజ్.

"ముగ్గురమెట్ల పడుతం తమ్మీ, వానల? నువ్వు గా రాసేది రాస్తుండు. మేం వచ్చేసరికి తయారు గావాలె."

అది నిజమే అనిపించింది జయరాజ్‌కు. మంచి మాటకు మంచి మనిషి ఎంత తొందరగా లొంగుతాడో! వీరస్వామి చెప్పులు వేసుకుంటున్నాడు. విమలమ్మ పోయి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"పోకు."

"ఎందుకే?"

ఎందుకో ఆమెకు తెలుసు. కానీ అతిథి ఎదుట నిలబడి ఉన్నాడు, జిలేబి తెచ్చాడు, తప్పు ఒప్పుకున్నాడు. ఒక చూపును చూసి భయపడ్డానని ఎట్లా చెప్పేది? ఒక మనిషి మొహం మీదనే నువ్వు నా మొగుణ్ణి ఏమైనా చేస్తావని ఏ నోటితో అనేది? బస్సులో పొమ్మంటే సరిపోయేది. ఆ చిన్న మాట ఆమెకు అప్పుడు తోచలేదు. తోచింది చాలా ఆలస్యంగా, తోచి ఏమీ లాభం లేనప్పుడు.

"చాయ్ పెట్టిన. తాగి పో," అన్నది.

"వచ్చి తాగుత."

"జయను గూడ తోల్కపో."

"పిచ్చిదానా, గంగమ్మకు చెప్పి వచ్చుడే గద. గుండె మీదికెల్లి బండ దిగినట్టున్నది విమలా. ఇన్ని దినాలు అది గుప్తం అనుకున్న. అది బరువు." అతను ఆమె చెయ్యి మీద తన చెయ్యి వేసి, మెల్లగా విడిపించుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. తీగ చుట్టి చుట్టి వేళ్ళ మీద ఎర్రటి గాట్లు పడ్డాయి.

వాన కాస్త తెరపిచ్చింది. బాపురావు బండి తిప్పాడు. వీరస్వామి వెనక ఎక్కి, తడి సీటు మీద సర్దుకుని, ముత్తవ్వను చూసి "పోయొస్త అవ్వా" అన్నాడు. ముత్తవ్వ చెయ్యెత్తింది. బండి నీళ్ళు చిమ్ముతూ కదిలింది. విమలమ్మ గడపలోనే నిలబడింది. దేవుడా, నా బయం ఉత్తదే గావాలె, నేనే పిచ్చిదాన్ని గావాలె, అని పెదవుల మధ్య అనుకుంటోంది.

ముత్తవ్వ చాట దించింది. బీడీలు చుడుతున్న మనిషి నడుమలో లేవడం విమలమ్మ ఎన్నడూ చూడలేదు. ఆకులు అరుగు మీద పడ్డాయి. ముసలిది అరుగు అంచుకు వచ్చి, కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"విమలా. బోధన్ తొవ్వ కుడి దిక్కు గద?"

"అవును."

"మరి వాండ్లు ఎడమ దిక్కు తిరిగిన్రేంది?"

జయరాజ్ లోపలినుంచి పరుగెత్తుకు వచ్చాడు. చెప్పులు లేకుండా వీధి చివరి దాకా పోయాడు. ఎడమకు పోతే జక్రాన్‌పల్లి తొవ్వ, ఆర్మూర్ తొవ్వ. ఒక లారీ, రెండు ఆటోలు, తడిసిన ఎడ్లబండి. మోటారు సైకిలు లేదు. తిరిగి వచ్చి బాపురావుకు ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. వీరస్వామి దగ్గర ఫోను లేదు. హాస్టలు ఎదురుగా ఉన్న ఎస్టీడీకి చేసి గంగమ్మను పిలిపించాడు.

"వీరన్న ఇంటికాడ లేడా?" అన్నది గంగమ్మ. "గీడికి రాలే. సోమారం గద వచ్చేది. ఏమైంది జయన్నా, గొంతు గట్లున్నదేంది?"

జయరాజ్ ఏమీ లేదన్నాడు. కొంచెంసేపయ్యాక మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే జవాబు. ఈసారి గంగమ్మ గొంతు కూడా అట్లాగే ఉంది.

"పెట్రోల్ పోయించుకుందానికి తిరిగిన్రేమో అక్కా," అన్నాడు.

"అయి ఉంటది," అన్నది విమలమ్మ.

ఇద్దరికీ తెలుసు, పెట్రోలు బంకు కుడివైపే ఉంది.

హైదరాబాదు బస్సు దాని వేళకు అది పోయింది. దాని తరువాతి బస్సూ పోయింది. జయరాజ్ ఠాణాకు పోయి వచ్చాడు. పెద్దమనిషి తెలిసినవాడి బండి మీద పోయాడు, ఒక్క పూట కాలేదు, అప్పుడే ఏం ఫిర్యాదు అని పంపించేశారు. ముత్తవ్వ తన ఇంటికి పోలేదు. అరుగు మీదనే, దీపం వేసినా చాట ముట్టకుండా కూర్చుంది.

మర్నాడు ఆదివారం. బోధన్‌లో బాపురావు ఎప్పటిలాగే దుకాణం షట్టరు ఎత్తాడు. జయరాజ్ ఎదుట నిలబడి అడిగితే, "మీ బావ జక్రాన్‌పల్లి కాడ దిగిండు గద. ముందుగాల పట్నం పోయి చెప్త, గంగమ్మ సంగతి తరువాత అన్నడు. నేను వద్దన్న గూడ. ఇంటికి రాలేదా?" అన్నాడు.

హైదరాబాదులో ఆ రోజు మీటింగు జరిగింది. వీరస్వామి అనే మనిషి అక్కడికి రాలేదు.

వీరస్వామి బోధన్‌కూ రాలేదు, నిజామాబాదుకూ తిరిగి రాలేదు. ఇంట్లోనుంచి పోయింది రెండువేల ఏడు, సెప్టెంబరు ఇరవై రెండు, శనివారం.